పటాయాలో అల్కజార్ షో: హోటల్ పికప్‌తో ఇక్కడే బుక్ చేయాలా, అక్కడికెళ్ళి చూసుకోవాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. చిత్తూరు నుంచి ఆరుగురు వెళ్తున్నారు: మీరు, మీ ఆవిడ, పదమూడేళ్ళ పాప, తొమ్మిదేళ్ళ బాబు, మీ అమ్మగారు, మీ అత్తగారు. పటాయాలో రెండు రాత్రులు. ఏజెంటు ఇచ్చిన ప్లాన్‌లో దిగిన రోజు సాయంత్రమే ‘అల్కజార్ క్యాబరే షో, హోటల్ ట్రాన్స్‌ఫర్‌తో’ అని ఉంది. అది పెద్దవాళ్ళతో, పిల్లలతో చూడదగ్గదేనా? ఉంచుకోవాలా, తీసేయించి అక్కడికి వెళ్ళాక టికెట్ కొనుక్కోవాలా?

షో ఉంచుకోండి, రోజు మార్చమనండి. ట్రాన్స్‌ఫర్, అంటే హోటల్ నుంచి షోకు తీసుకెళ్ళే బండి, తీసుకోవాలా వద్దా అన్నది మాత్రం మీ హోటల్ ఏ రోడ్డులో ఉందో చూశాకే తేలుతుంది.

నేను తిరుపతిలో ట్రావెల్స్ నడుపుతాను. చాలా ఏళ్ళు కొండ, కాణిపాకం, శ్రీకాళహస్తి తిప్పడమే పని. తర్వాత మన జిల్లా కుటుంబాలను గుంపులుగా థాయ్‌లాండ్ తీసుకెళ్ళడం మొదలుపెట్టాను. ఈ షో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఇప్పుడైతే గ్రూపును లోపలికి పంపేసి బయట కొబ్బరి బొండం తాగుతూ కూర్చుంటాను.

ముందు మీ భయం సంగతి. క్యాబరే అనగానే మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు జ్యోతిలక్ష్మి, జయమాలిని కాలం సినిమా క్లబ్బులు గుర్తొస్తాయి. మీ అత్తగారు మొహం మాడ్చుకున్నారంటే అందులో వింతేమీ లేదు. ఆ మాట ఒక్కో ఊళ్ళో ఒక్కో అర్థంలో నడుస్తోంది. పారిస్‌లో 1889లో తెరిచిన మూలాఁ రూజ్ కూడా క్యాబరేనే, అక్కడ పైన బట్ట లేకుండా చేసే నాట్యాలుంటాయి. పటాయాలో అల్కజార్, టిఫనీ అలాంటివి కావు. పెద్ద థియేటర్, వెయ్యి సీట్లకు అటూ ఇటూ. గంటా పది నిమిషాల ఆట. పాట వెనక నుంచి వస్తుంది, వేదిక మీద వాళ్ళు పెదవులు కలుపుతూ నాట్యం చేస్తారు. థాయ్, చైనా, కొరియా పాటలతో పాటు మనవాళ్ళ కోసం చాలాసార్లు ఒక హిందీ పాట కూడా పెడతారు. సెట్టింగులు, ఈకల కిరీటాలు, మెరుపుల బట్టలు, అదే దాని సొగసు. కథ కోసం వెతక్కండి, ఉండదు. ఏ ట్రిప్పులో చూసినా హాల్లో సగం మంది పిల్లాపాపలతో వచ్చినవాళ్ళే కనిపిస్తారు.

ఇక వేదిక మీద ఉండేవాళ్ళలో ఎక్కువమంది ట్రాన్స్ మహిళలు. ఈ సంగతి పిల్లలకు, పెద్దవాళ్ళకు ఇక్కడే, ఇంట్లోనే చెప్పండి. అక్కడ సీట్లో కూర్చున్నాక పాప అడిగితే, చీకట్లో గుసగుసగా వివరించడం ఇబ్బందిగా ఉంటుంది. మన తిరుపతి వాళ్ళకైతే నేను తాతయ్యగుంట గంగమ్మ జాతరతో మొదలుపెడతాను. జాతరలో మగవాళ్ళు చీర కట్టి, పూలు పెట్టుకుని వీధుల్లో తిరుగుతుంటే మన అవ్వలెవరూ మొహం తిప్పుకోరు కదా. ఆ మాట అనగానే పెద్దవాళ్ళ బిగువు సగం దిగుతుంది. ఆ తర్వాత తేడా కూడా చెప్తాను. జాతరలో వేషం మొక్కు కోసం వేసేది, మొక్కు తీరాక తీసేస్తారు. వీళ్ళది వేషం కాదు, వాళ్ళు బతికే తీరే అది. టిఫనీ 1974లో మొదలైంది, అల్కజార్ 1981లో. రాత్రికి రెండు మూడు ఆటలు వేసే కష్టమైన ఉద్యోగం అది. మన గ్రూపుల్లో కొందరు వేలు చూపించి ‘వాడా, ఆమెనా’ అని నవ్వుతుంటారు. తెలుగు అర్థం కాకపోయినా వేలు అర్థమవుతుంది. మీవాళ్ళలో అలాంటివారు ఉండరనే అనుకుంటున్నా.

ఇంకో మాట. పటాయా వాకింగ్ స్ట్రీట్‌లో, దాని సందుల్లో వేరే రకం ‘షో’లు అమ్ముతారు. కార్డు చేతిలో పెట్టి ‘చూడండి, చూడండి’ అని వెంటపడతారు. అవి పిల్లలకే కాదు, మీ అమ్మగారు పక్కనుంటే మీకూ పనికిరావు. బుకింగ్‌లో థియేటర్ పేరు కచ్చితంగా రాసి ఉండాలి అనేది అందుకే. కొన్ని ప్యాకేజీల్లో ‘అల్కజార్ లేదా అలాంటి షో’ అని రాస్తారు. అలాంటి షో అంటే ఏది అని అడగండి. టిఫనీ అంటే సరే అనండి, నా కంటికి రెండూ దొందూ దొందే. పేరు చెప్పలేకపోతే ఒప్పుకోవద్దు.

దిగిన రోజే ఎందుకు వద్దంటున్నానో చెప్తా. మీరు చిత్తూరు నుంచి చెన్నైకో బెంగుళూరుకో మధ్యాహ్నమే బయల్దేరతారు. మనవాళ్ళు ఎక్కేవి ఎక్కువగా రాత్రి విమానాలు. తెల్లవారుజామున బ్యాంకాక్‌లో దిగి, ఇమ్మిగ్రేషన్ లైను దాటి, సామాను తీసుకుని, సువర్ణభూమి నుంచి పటాయాకు రెండు గంటలు బండిలో. హోటల్ చేరేసరికి పదో పదకొండో. గదులు మధ్యాహ్నం రెండుకు గానీ ఇవ్వరు. లాబీలో సోఫాల మీద పిల్లలు, సూట్‌కేసు మీద తల పెట్టుకుని మీ అమ్మగారు. గది దొరికి, స్నానం చేసి నడుం వాలుస్తారో లేదో, బండి వచ్చిందని ఫోను. ఏసీ హాల్లో, మెత్తటి సీట్లో, లైట్లు ఆర్పగానే ఏమవుతుంది? ఒకసారి పద్నాలుగు మందిని దిగిన రోజే తీసుకెళ్ళాను. ఆట మధ్యలో తొంగి చూస్తే తొమ్మిది మంది నిద్రలో ఉన్నారు. డబ్బు కట్టి నిద్రపోయారు పాపం. ఏజెంట్లు దిగిన రోజే ఎందుకు పెడతారంటే, ప్లాన్ కాగితం మీద ఆ సాయంత్రం ఖాళీగా కనిపిస్తుంది, అంతే.

రెండో రోజు పెట్టించండి. ఆ రోజు ఉదయం మీకు ఎలాగూ కోరల్ ఐలాండ్ ఉంటుంది, మధ్యాహ్నానికల్లా వెనక్కి తెస్తారు. భోంచేసి రెండు గంటలు పడుకుంటే సాయంత్రానికి అందరూ హుషారుగా ఉంటారు. ‘రేటు మారుతుంది సార్’ అంటే నమ్మకండి. వారం మధ్యలో ఒక రోజు అటూ ఇటూ జరపడానికి సాధారణంగా అదనంగా ఏమీ పడదు, బద్ధకం తప్ప. డిసెంబరు చివర, జనవరి మొదట్లో మాత్రం సీట్ల ఇబ్బంది నిజమే, అప్పుడైతే టికెట్లు తీసే ముందే మార్పించండి. ఏప్రిల్ మధ్యలో వెళ్ళేవాళ్ళకూ ఒక హెచ్చరిక. సోంగ్‌క్రాన్ నీళ్ళ పండగ మిగతా దేశంలో 13 నుంచి 15 వరకైతే, పటాయాలో అసలు జోరు 18, 19 తేదీల్లో. రోడ్ల మీద బండి కదలదు, నడిచి వెళ్తే తడిసి ముద్దవుతారు.

ఏ ఆటకు వెళ్ళాలి? సాయంత్రం మొదటిది, లేదా రెండోది. ఇక్కడ చాలామంది తిండి లెక్క తప్పు వేసుకుంటారు. థాయ్‌లాండ్ గడియారం మనకంటే గంటన్నర ముందు. అక్కడ ఆరున్నర అంటే మీ కడుపుకు ఐదే. ఆట ముగిసి బయటికొచ్చేసరికి ఎనిమిదవుతుంది, మన లెక్కలో ఆరున్నర. కాబట్టి షోకు ముందు డిన్నర్ పెట్టే ప్యాకేజీ దండగ. సాయంత్రం నాలుగున్నరకు హోటల్లో ఎవరికీ ఆకలి వేయదు, తిన్నట్టు చేసి లేస్తారు. ముందు టీ, బిస్కెట్లు, షో అయ్యాక ఇండియన్ హోటల్‌కు వెళ్ళి పప్పూ అన్నం. పటాయాలో మనవాళ్ళ హోటళ్ళకు కొదవ లేదు, రాత్రి పొద్దుపోయేదాకా ఉంటాయి. ఇదే గడియారంతో ఇంకో తంటా. ఫోన్లు వాటంతట అవే మారతాయి, పెద్దవాళ్ళ చేతి గడియారాలు మారవు. ‘ఇంకా టైముంది కదరా’ అంటూ మీ అమ్మగారు తాపీగా జడ వేసుకుంటుంటారు, కింద బండి హారన్ కొడుతుంటుంది. విమానం దిగగానే ఆమె గడియారం మీరే తిప్పండి.

ఇప్పుడు అసలు విషయం, ట్రాన్స్‌ఫర్. సాయంత్రం చెడిపోయిందని నా దగ్గరికి వచ్చిన ఫిర్యాదుల్లో షో బాగాలేదన్నవాళ్ళు తక్కువ. బండి రాలేదు, వదిలేసి వెళ్ళిపోయింది, తిరిగి రావడానికి గంట పట్టింది, ఇవే ఎక్కువ.

ప్యాకేజీలో ట్రాన్స్‌ఫర్ అని రాస్తే, నూటికి తొంభై పాళ్ళు అది ఎస్ఐసి, అంటే మన షేర్ ఆటో పద్ధతే. పన్నెండు సీట్ల వ్యాను నాలుగైదు హోటళ్ళు తిరిగి జనాన్ని ఎక్కించుకుంటుంది. నేను ఆ స్టీరింగు వెనక నుంచి చూసినవాణ్ణి కాబట్టి డ్రైవరు బాధ నాకు తెలుసు. మా తిరుపతిలో తిలక్ రోడ్డు లాడ్జి దగ్గర నలుగురు, బస్టాండు ఎదురుగా ఐదుగురు, కపిలతీర్థం రోడ్డులో ముగ్గురు. మొదటి లాడ్జిలో ఒకాయన ‘రెండే నిమిషాలు సామీ, బొట్టు పెట్టుకుని వస్తా’ అంటాడు. ఆ రెండు నిమిషాలు పదిహేనై, చివరి లాడ్జి దగ్గర నిలబడ్డవాళ్ళ తిట్లన్నీ నాకే. పటాయా డ్రైవర్లు అంత మెతక కాదు. ఐదు నిమిషాలు చూస్తారు, రిసెప్షన్‌లో పేరు అడుగుతారు, వెళ్ళిపోతారు. వోచర్‌లో పికప్ 5:45 నుంచి 6:15 మధ్య అని ఉంటే మీరు 5:40కి లాబీలో, బూట్లు తొడుక్కుని, బాత్రూం పనులు ముగించుకుని ఉండాలి. మీరు మొదటి హోటలో చివరి హోటలో మీకు తెలియదు. మొదటివారైతే పది నిమిషాల దూరానికి నలభై నిమిషాలు ఊరంతా తిరుగుతారు, అందుకూ సిద్ధపడండి.

పలమనేరు కుటుంబం ఒకటి ఇలాగే షో పోగొట్టుకుంది. వాళ్ళ హోటల్ పేరు ఒకటే, బిల్డింగులు రెండు, మధ్యలో రోడ్డు. వోచర్‌లో హోటల్ పేరు, లాబీ అని మాత్రమే రాసుంది. వీళ్ళు కొత్త బిల్డింగు లాబీలో, డ్రైవరు పాత బిల్డింగు లాబీలో. ఇరవై నిమిషాల తర్వాత ఫోన్ చేద్దామంటే వోచర్ మీద ఉన్నది ఇక్కడి ఆఫీసు నెంబరు, అది ఎత్తేవాళ్ళు లేరు. డబ్బు వెనక్కి రాలేదు. ఆ బుకింగ్ చేసింది నేను కాదు, కానీ ఆ తర్వాత నా వోచర్ల మీద ఏ బిల్డింగు, ఏ గేటు అన్నది చేత్తో రాస్తున్నాను. మీరూ అడిగి రాయించుకోండి. థాయ్‌లాండ్‌లో ఎత్తే ఫోన్ నెంబరు కూడా. అక్కడివాళ్ళు ఎక్కువగా లైన్ యాప్ వాడతారు, మన గ్రూపులు చూసుకునేవాళ్ళు వాట్సాప్‌లో దొరుకుతారు. హోటల్ కాకుండా అపార్ట్‌మెంట్ తీసుకున్నవాళ్ళను ఇంటి దగ్గరికి వచ్చి ఎక్కించుకోరు, దగ్గర్లోని పెద్ద హోటల్‌కో, సందు మొదట్లోని దుకాణం దగ్గరికో రమ్మంటారు. ఊరికి దక్షిణాన జోమ్‌టియెన్ వైపు ఉంటే అదనంగా అడగడం మామూలే.

ఇక మీ హోటల్ ఎక్కడుంది? అది మీరు రాయలేదు. అల్కజార్, టిఫనీ రెండూ సెకండ్ రోడ్డు మీదే, ఊరికి ఉత్తరం వైపు. టెర్మినల్ 21 మాల్ చుట్టుపక్కల హోటలైతే టిఫనీకి నడిచే వెళ్ళొచ్చు, అల్కజార్ ఇంకొంచెం దూరం. అలాంటప్పుడు ఆరుగురికి ట్రాన్స్‌ఫర్ కట్టడం అంటే గోవిందరాజస్వామి గుడి నుంచి రైల్వేస్టేషన్‌కు టాక్సీ మాట్లాడుకోవడమే. ఊరి మధ్యలోనో దక్షిణంలోనో ఉంటే లెక్క వేయండి. షేరింగ్ బండికి తల లెక్కన తీసుకుంటారు. ఉదాహరణకు తలకు రెండొందల బాట్ అనుకుంటే ఆరుగురికి పన్నెండొందలు. బాట్ అంటే మన డబ్బుల్లో రెండున్నర, మూడు రూపాయల మధ్య. అంత డబ్బుకు గ్రాబ్, బోల్ట్ లాంటి టాక్సీ యాప్‌లలో పోనూ రానూ రెండేసి కార్లు పెట్టుకున్నా మిగులుతుంది, మీ టైముకు మీరు కదులుతారు. ఇద్దరే వెళ్తుంటే ఈ లెక్క ఇంకోలా తేలుతుంది, అప్పుడు షేరింగే చవక.

బాట్ బస్ అని రెండు బెంచీల పికప్ బళ్ళు తిరుగుతుంటాయి. దారిలో చెయ్యెత్తి ఎక్కి, పైన గంట నొక్కి దిగి, తలకు పదో ఇరవయ్యో ఇస్తే సరిపోతుంది. ఎక్కే ముందు బేరం మొదలుపెట్టారో, అది అద్దె బండి అయిపోయి వందల్లోకి వెళ్తుంది. సెకండ్ రోడ్డు వన్‌వే, ఉత్తరానికి పోతుంది. బీచ్ రోడ్డు దక్షిణానికి. అంటే వెళ్ళేటప్పుడు సెకండ్ రోడ్డు మీద, వచ్చేటప్పుడు బీచ్ రోడ్డు మీద ఎక్కాలి. మీ పెద్దవాళ్ళిద్దరికీ మోకాళ్ళు బాగుంటేనే ఇది, వెనక మెట్టు ఎత్తుగా ఉంటుంది.

తిరుగు ప్రయాణం గురించి వోచర్‌లో ‘రౌండ్ ట్రిప్’ అన్న మాట ఉందో లేదో చూడండి. కొన్నింట్లో తీసుకెళ్ళడమే ఉంటుంది, తేవడం ఉండదు. ఆట ముగిశాక వాకిట్లో దృశ్యం ఎలా ఉంటుందంటే, ఒక ఆట జనం బయటికి, తర్వాతి ఆట జనం లోపలికి, మధ్యలో వరసగా తెల్ల వ్యాన్లు, అన్నీ ఒకేలాంటివి. దిగేటప్పుడే వ్యాను నెంబరు ప్లేటును, కుదిరితే డ్రైవర్ని కూడా ఫోనులో ఫొటో తీసుకోండి. థాయ్ అక్షరాలు మనకు గుర్తుండవు, ఫొటో చూపిస్తే ఎవరైనా దారి చూపిస్తారు.

ఆ వాకిట్లోనే ఇంకో ఖర్చు ఉంది. లోపల ఆట జరుగుతుండగా ఫొటోలు, వీడియోలు వద్దంటారు, బాబు ఫోను ముందే తీసుకోండి. బయటికి రాగానే అదే బట్టలతో వాళ్ళు వరసగా నిలబడి ఉంటారు, ఫొటోకు పిలుస్తారు. ఆ ఫొటో ఉచితం కాదు. ఒక్కొక్కరికి వంద బాట్ ఇవ్వడం అక్కడి వాడుక. మా తిరుపతి అవ్వ ఒకామె మురిసిపోయి ముగ్గురి మధ్య నిలబడింది. భలే ఫొటో, ఇప్పటికీ ఆ ఇంటి గోడ మీద ఉంది. తీరా మూడొందలు ఇవ్వాలంటే ఆమె కొడుకు జేబులో అన్నీ వెయ్యి నోట్లే. చిల్లర కోసం పరుగులు, వెనక నుంచి మా డ్రైవరు కేకలు. వంద నోటు ఎర్రగా ఉంటుంది, నాలుగైదు ఎర్ర నోట్లు విడిగా పెట్టుకోండి. వద్దనుకుంటే నవ్వి తల ఊపి నడిచిపోవచ్చు, ఎవరూ బలవంతం చేయరు. ఫొటో దిగి, ఆ తర్వాత బేరమాడటం మాత్రం మర్యాద కాదు.

సీట్ల విషయానికొస్తే, మన ఊళ్ళో విఐపి అన్న మాటకున్న బరువు అక్కడ లేదు. బ్రేక్ దర్శనమేమీ కాదది. కాస్త ముందు, మధ్యలో కూర్చోబెడతారు, కొన్నిసార్లు కూల్‌డ్రింకు ఇస్తారు. మరీ ముందు వరస కంటే మధ్య వరసల నుంచే వేదిక మొత్తం కనిపిస్తుంది. నన్నడిగితే మామూలు సీట్లు చాలు, కానీ ఆరుగురూ ఒకే చోట కావాలని ముందే చెప్పించండి. మీ చేతిలోని వోచర్‌ను అక్కడి కౌంటర్లో ఇస్తే అప్పుడు సీటు నెంబర్లు ఇస్తారు. ఆలస్యంగా వెళ్ళినవాళ్ళకు పక్కన మూలలు మిగులుతాయి. అరగంట ముందు చేరమనేది అందుకే. పిల్లల టికెట్టుకు థాయ్‌లాండ్‌లో చాలాచోట్ల వయసు కంటే ఎత్తు చూస్తారు, బాబు ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి ఏజెంటుకు చెప్పండి.

ఇక్కడ బుక్ చేయాలా అక్కడా అన్నదానికి, మామూలు రోజుల్లో అక్కడ బీచ్ రోడ్డు కౌంటర్లలోనో ఫోను యాప్‌లోనో ముందురోజు కొన్నా దొరుకుతుంది, కొంచెం చవకగా కూడా. కానీ ఇద్దరు పెద్దవాళ్ళు, ఇద్దరు పిల్లలతో ఆ సాయంత్రం రేట్లు అడుగుతూ తిరిగే ఓపిక మీకుంటుందా? నాకైతే ఉండదు. మీ ఏజెంటును షో టికెట్ రేటు, ట్రాన్స్‌ఫర్ రేటు విడివిడిగా అడగండి. విడగొట్టి చెప్తే టికెట్ అతని దగ్గరే తీసుకుని బండి మీరు చూసుకోండి. విడగొట్టనంటే, హోటల్ దూరమైతే మొత్తం తీసుకోండి, దగ్గరైతే షో తీసేయించండి. అన్నట్టు, హాల్లో ఏసీ చలి గట్టిగా ఉంటుంది, మీ అమ్మగారికి, అత్తగారికి చెరో శాలువా చేతి సంచిలో పెట్టండి.

హోటల్ పేరు, ఏ నెలలో ప్రయాణమో రాయండి. నడిచి వెళ్ళే దూరమో కాదో చూసి చెప్తాను.